జైల్లో జబ్బు చేస్తే బెయిలేనా? కరోనా కాలం నేర్పిన అపోహలు - వాస్తవాలు

2021 మే నెలలో కోవూరు వైపు నుంచి ఒక తల్లి మా ఆఫీసుకు వచ్చింది. కొడుకు హత్యాయత్నం కేసులో రిమాండులో ఉన్నాడు. "మా పిలకాయకి షుగర్ ఉంది సార్. సుప్రీంకోర్టు అందర్నీ వదిలేయమందంట కదా, మావోణ్ణి ఎప్పుడు వదుల్తారు?" అని అడిగింది. సంచిలో, కరోనాకని అప్పట్లో ఆనందయ్య పంచిన కృష్ణపట్నం మందు కూడా తెచ్చుకుంది, లోపలికి పంపే దారి ఉందేమోనని. నెల్లూరులో క్రిమినల్ కేసులు చూసే నాకు ఆ రోజుల్లో ఇలాంటి ప్రశ్నలు కొత్త కాదు. ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు.

అపోహ: కరోనాలో ఖైదీలందర్నీ వదిలేయమని సుప్రీంకోర్టు చెప్పింది.

చెప్పలేదు. 2020 మార్చి 23న ఇచ్చిన ఉత్తర్వులో, ప్రతి రాష్ట్రం ఒక ఉన్నతస్థాయి కమిటీ వేసి, ఎవరికి మధ్యంతర బెయిలో పెరోలో ఇవ్వొచ్చో తేల్చమంది. ఏడేళ్ల దాకా శిక్ష పడే నేరాలను ఉదాహరణగా చూపింది. తప్పనిసరిగా వదలమని మేం అనలేదని ఏప్రిల్ 13న మళ్లీ స్పష్టం చేసింది. రెండో వేవ్‌లో, 2021 మే 7న, మొదటి వేవ్‌లో బయటికి వెళ్లినవాళ్లను మళ్లీ బయటికి పంపమంది. ఇంటికి పోవడానికి భయపడే ఖైదీల మాట కూడా వినమని అదే ఉత్తర్వులో ఉంది. ఇది చెబితే కోర్టు క్యాంటీన్లో నవ్వారు. ఊళ్లో అడుగు పెట్టనివ్వని మనిషికి, పనులే లేని ఆ రోజుల్లో, లోపల దొరికే పూట కూడు ఎంత విలువైందో నవ్వినవాళ్లకు తెలియదు. చివరికి 2023 మార్చి 24న, అలా వచ్చినవాళ్లంతా పదిహేను రోజుల్లో లొంగిపోవాలని కోర్టు చెప్పింది. అంటే ఇచ్చింది విడుదల కాదు, గడువు.

హత్యాయత్నానికి యావజ్జీవం దాకా పడొచ్చు. ఆ తల్లికి ఈ దారి లేదు.

అపోహ: డాక్టరు చీటీ పెడితే బెయిలు వచ్చేస్తుంది.

జబ్బుతో ఉన్నవాళ్లకు, బలహీనులకు బెయిలు ఇవ్వొచ్చని చట్టంలో ఉన్నమాట నిజమే. అప్పుడు సీఆర్‌పీసీ (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 437వ సెక్షన్, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 480. కానీ జడ్జిగారు మొదట చూసేది ఒక్కటే: ఈ వైద్యం లోపల ఉండగా అందదా? అందుకని జైలు డాక్టరు రిపోర్టు తెప్పిస్తారు. "పరిస్థితి నిలకడగా ఉంది" అని అందులో ఒక్క ముక్క ఉంటే మన పిటిషన్ దాదాపు అయిపోయినట్టే.

అందుకే నేను బెయిలు పిటిషన్‌తో పాటు వైద్యం కోసం విడిగా ఇంకో పిటిషన్ వేస్తాను. "సరైన వైద్యం అందడం లేదు" అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. ఏ తేదీన షుగర్ చూశారు, ఎంత వచ్చింది, పెద్దాసుపత్రికి ఎప్పుడు రాశారు, ఎందుకు తీసుకెళ్లలేదు, ఇవి రాయాలి. నేను ఎక్కువగా చూసిన అడ్డంకి మందుల కొరత కూడా కాదు, ఎస్కార్టు. డాక్టరు రాస్తాడు, వెంట వెళ్లే పోలీసులు దొరకరు, తేదీ దాటిపోతుంది. కాబట్టి ఫలానా తేదీలోగా ఎస్కార్టు ఇచ్చి తీసుకెళ్లాలని అడగాలి. అలా అడిగితే కోర్టులు చాలావరకు ఇస్తాయి.

ఇంకొకటి. పాత మందుల చీటీలు రిమాండు రోజే మేజిస్ట్రేటుకు చూపించండి. చెముడుగుంట సెంట్రల్ జైలైనా, ఒంగోలు జిల్లా జైలైనా, చిన్న సబ్ జైలైనా, లోపలికి వచ్చిన మనిషి ఆరోగ్యం ఎలా ఉందో రాసుకోవాలి. ఆ రోజు నమోదు కాని జబ్బును తర్వాత "బెయిలు కోసం పుట్టించిన జబ్బు" అంటారు.

రికార్డంతా ఉన్నా టైము పడుతుంది. విప్లవ కవి వరవరరావుగారికి జైల్లో ఉండగా కరోనా సోకింది 2020 జులైలో. బాంబే హైకోర్టు వైద్య కారణాల మీద ఆరు నెలల బెయిలు ఇచ్చింది 2021 ఫిబ్రవరిలో. అప్పటికి ఆయనకు ఎనభై దాటాయి.

అపోహ: లాక్‌డౌన్‌లో చార్జిషీటు గడువు ఆగిపోయింది.

కేసులు వేసే గడువులను పొడిగిస్తూ సుప్రీంకోర్టు అదే మార్చి 23న వేరే ఉత్తర్వు ఇచ్చింది. అది మాకూ వర్తిస్తుందని పోలీసులు వాదించారు. వర్తించదని 2020 జూన్ 19న ఎస్.కాశి కేసులో తేలింది. నేరాన్ని బట్టి 60 లేదా 90 రోజుల్లో చార్జిషీటు వేయకపోతే బెయిలు అడగడం హక్కు. జబ్బు నిరూపించడం కన్నా రోజులు లెక్కపెట్టడం తేలిక. జూనియర్లకు నేను ముందు క్యాలెండర్ చూడమనే చెబుతాను.

అపోహ: జైలు చట్టంలో అంటువ్యాధుల ఊసే లేదు.

ఉంది. 1894 నాటి చట్టం 7వ సెక్షన్‌లోనే, అంటువ్యాధి వస్తే ఖైదీలను తాత్కాలికంగా వేరేచోట ఉంచాలని రాశారు. బొంబాయికి ప్లేగు రావడానికి రెండేళ్ల ముందు మాట అది.

అపోహ: లోపల ప్రాణం పోతే గవర్నమెంటును అడగలేం.

1977లో కోయిలకుంట్ల సబ్ జైలు మీద బాంబులు వేసి ఒక ఖైదీని చంపారు. నష్టపరిహారం ఇవ్వాల్సిందేనని, ఖైదీకీ ప్రాణహక్కు ఉంటుందని సుప్రీంకోర్టు 2000లో చెప్పింది. ఇరవై మూడేళ్లు పట్టింది, నిజమే. కస్టడీలో మరణం జరిగితే 24 గంటల్లో జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు తెలపాలి, మేజిస్ట్రేటు విచారణ జరగాలి. ఆ కాగితాల కోసం కుటుంబం వెంటనే అర్జీ పెట్టుకోవాలి.

ఫీజు సంగతి: కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ నెల్లూరులోనూ ఒంగోలులోనూ ఉంది. ఫోన్ 15100.

ఆ తల్లి కొడుక్కి మేం ఎస్కార్టే అడిగాం. రెండో వాయిదాకు ఉత్తర్వు వచ్చింది, పెద్దాసుపత్రిలో చూపించారు, ఇన్సులిన్ మొదలుపెట్టారు. కృష్ణపట్నం మందు మాత్రం జైలు డాక్టరు ఒప్పుకోనిదే లోపలికి పోదమ్మా అన్నాను. ఆమె దాన్ని మా గుమస్తాకి ఇచ్చి, "నువ్వన్నా వాడు నాయనా" అని వెళ్లిపోయింది.