లోతు తక్కువ గనుల్లో బ్లాస్టింగ్: అపోహలు – వాస్తవాలు

అపోహ: పేలుడు మందు ఎక్కువ పెడితే రాయి చిన్న ముక్కలవుతుంది.

ముక్క సైజును ముందు తేల్చేది రంధ్రాల అమరిక. బెంచి అంటే గనిలో మెట్టులా కోసిన రాతి అంచె. దాని అంచుకూ రంధ్రానికీ మధ్య దూరమే బర్డెన్. వాడుక లెక్కలో అది రంధ్రం వ్యాసానికి 25 నుంచి 35 రెట్లు. 32 మి.మీ. జాక్‌హామర్ రంధ్రానికి 0.8–1.1 మీ., 100 మి.మీ. రంధ్రానికి 2.5–3.5 మీ. అంచు వంకరలు చూడకుండా తాడు పట్టి మొదటి వరస గుర్తు పెట్టేస్తే, అంచు లోపలికి కోసుకుపోయిన చోట బర్డెన్ అర మీటరుకు పడిపోతుంది. అక్కడి నుంచే రాళ్లు ఎగురుతాయి. ముందుకు పొడుచుకొచ్చిన చోట బెంచి పాదం కదలదు.

అపోహ: స్టెమ్మింగ్ (రంధ్రంలో మందు పైన కూరేది) అంటే మూత. ఏ మట్టి పోసినా ఒకటే.

పేలుడు వాయువు రాయిని నెట్టేదాకా దాన్ని లోపల ఆపి ఉంచేది స్టెమ్మింగే. పొడవు బర్డెన్‌లో కనీసం 0.7 వంతు ఉండాలి. చిన్న రంధ్రాలకు తడి బంకమట్టి, ఇసుక కలిపి కూరాలి. 100 మి.మీ. రంధ్రానికి 10 మి.మీ. సైజు, పదునైన అంచులున్న రాతి చిప్స్ మేలు. అవి ఒకదానికొకటి బిగుసుకుంటాయి, డ్రిల్ దుమ్ము మాత్రం ఎగిరిపోతుంది. మీటరున్నర రంధ్రంలో మరో రెండు తూటాలు కుక్కితే తగ్గేది ఈ జాగానే. కూరే కర్ర చెక్కదే కావాలి, ఇనుప రాడ్ ఎప్పుడూ వద్దు.

అపోహ: పాత సాకెట్‌లోనే (పేల్చాక మిగిలిన రంధ్రం అడుగు) డ్రిల్ చేస్తే పని తేలిక.

తేలికే, బిట్ జారకుండా అందులో కుదురుకుంటుంది. ప్రమాదం అక్కడే ఉంది: అడుగున పేలని మందు మిగిలి ఉండొచ్చు. 1961 మెటల్లిఫెరస్ మైన్స్ నిబంధనలు దీన్ని నిషేధించాయి. షాట్ అయ్యాక ప్రతి సాకెట్‌లో చెక్క బిరడా కొట్టి గుర్తు పెట్టాలి. మిస్‌ఫైర్ అయితే, అంటే మందు పేలకపోతే, కనీసం 30 సెం.మీ. దూరంలో, దానికి సమాంతరంగా మరో రంధ్రం వేయాలి. వంకరగా వేస్తే లోపల పాత మందుకే తగులుతుంది.

అపోహ: శబ్దం పెద్దదైతే ఇళ్లు పగులుతాయి.

కిటికీలు అదిరేది గాలి ఒత్తిడికి. గోడకు దెబ్బ నేల కంపనం వల్ల. ఒకే డిలేలో, అంటే ఒకే క్షణంలో, పేలే మందు తగ్గిస్తే కంపనం తగ్గుతుంది.

అపోహ: ఖనిజాన్ని పేల్చాక ఏరుకోవచ్చు.

ఆంధ్రప్రదేశ్‌లోని మంగంపేట ముగ్గురాయినే (బెరైటీస్) చూడండి. చమురు బావుల డ్రిల్లింగ్ బురదలో కలపడానికి దానికి 4.1 లేదా 4.2 విశిష్ట సాంద్రత అడుగుతారు. పైనున్న తేలిక రాయి ఒకే షాట్‌లో కలిసిపోతే గ్రేడు పడిపోతుంది. డ్రిల్ దుమ్ము అరచేతిలోకి తీసుకుంటే ముగ్గురాయి బరువు వెంటనే తెలుస్తుంది. ఆ బరువు మారిన లోతును డ్రిల్లర్ ప్రతి రంధ్రానికీ రాసి బ్లాస్టర్‌కి ఇవ్వాలి.