ఇరవై ఏళ్ల అధ్యయనంలో ఆరు నెలల విద్యార్థికి చోటుందా? దీర్ఘకాల పర్యావరణ పరిశీలనపై అపోహలు – వాస్తవాలు

దసరా సెలవులు ముగిసేసరికి నాకు ఫోన్లు మొదలవుతాయి. ఏళ్ల తరబడి అవే చెట్లను కొలవడానికి అడవిలో హద్దులు పెట్టి ఉంచిన నేలను మేం ప్లాటు అంటాం. వానలు వెనకపట్టాక మా ప్లాటులో జరిగే చెట్ల గణనకు విద్యార్థులను తీసుకుంటామన్న ప్రకటన అప్పటికి కాలేజీల నోటీసు బోర్డుల మీదికి చేరి ఉంటుంది. ఈసారి మొదటి ఫోను ఒక తండ్రి నుంచి వచ్చింది. చాలాసేపు మొహమాటపడి అసలు విషయం అడిగారు: "అమ్మా, మా అమ్మాయి ఎమ్మెస్సీ బోటనీ రెండో సంవత్సరం. మార్చి కల్లా డిజర్టేషన్ ఇవ్వాలి. మీదేమో ఇరవై ఏళ్ల ప్రాజెక్టు అంటున్నారు. అందులో చేరితే డిగ్రీ చేతికి ఎప్పుడొస్తుంది?"

ఆయన అడిగారు కాబట్టి నేను చెప్పగలిగాను. అడగకుండానే దరఖాస్తు పక్కన పడేసేవాళ్లు ఎంతమందో! పదిహేనేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. అర్హత లేక ఆగిపోయినవాళ్ల కంటే ఈ ఒక్క అపోహతో ఆగిపోయిన పిల్లలనే ఎక్కువ చూశాను. అందుకే ముందు దీని సంగతి తేలుస్తాను. మిగతావాటికి ఇంత చోటు అక్కర్లేదు.

అపోహ: దీర్ఘకాల అధ్యయనంలో చేరితే దీర్ఘకాలం అక్కడే ఉండిపోవాలి. ఆరు నెలల్లో, రెండేళ్లలో తేలేది ఏమీ ఉండదు.

వాస్తవం దీనికి సరిగ్గా ఎదురు. తక్కువ సమయం ఉన్న విద్యార్థికే ఇటువంటి చోటు ఎక్కువ పనికొస్తుంది.

సొంతంగా ఒక అడవి తునక ఎంచుకుని మూడు నెలలు చెట్లు కొలిచారనుకోండి. చివరికి మీ చేతిలో ఉండేది మూడు నెలల లెక్క. ఆ అడవిలో చెట్లు పెరుగుతున్నాయో, చస్తున్నాయో, ఏ జాతి వెనక్కి పోతోందో ఆ లెక్క చెప్పలేదు. అదే మూడు నెలలు పాత ప్లాటులో కొలిస్తే, మీరు రాసుకున్న ప్రతి అంకె పక్కన అదే చెట్టుకు మీకంటే ముందు వచ్చినవాళ్లు రాసిన అంకెలు ఉంటాయి. మీరు ఒకే ఒక్క వరుస చేరుస్తారు, చదువుకోవడానికి మాత్రం ఇరవై ఏళ్ల వరుసలు దొరుకుతాయి.

నీలగిరుల దిగువన ముదుమలై అడవిలో 50 హెక్టార్ల ప్లాటు ఉంది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలు 1988లో దాన్ని మొదలుపెట్టారు. ఒక సెంటీమీటరు మందం దాటిన ప్రతి మొక్కకూ నంబరు కట్టారు. మొదటి గణనలోనే దాదాపు 26 వేల మొక్కలు లెక్కకు వచ్చాయి. ఏటా ఏది చచ్చింది, ఏది కొత్తగా వచ్చింది అని చూస్తారు, నాలుగేళ్లకు ఒకసారి అన్నింటినీ తిరిగి కొలుస్తారు. ఏనుగులు ఇష్టంగా తినే కిడియా అనే చిన్న చెట్టు అక్కడ ఒకప్పుడు వేలల్లో ఉండేది. ఏనుగుల మేత, మంటలు కలిసి దాన్ని ఎంత వేగంగా తగ్గించాయో ఆ గణనల వల్లే తెలిసింది. ఒక్కసారి వెళ్లి చూసి వచ్చినవాళ్లు "ఇక్కడ కిడియా తక్కువ" అని మాత్రమే రాయగలిగేవారు.

ఇన్నేళ్లూ ఒకే మనిషి కొలవలేదు. పనామాలోని బారో కొలరాడో దీవిలో 1980ల ఆరంభంలో ఇదే పద్ధతిలో 50 హెక్టార్ల ప్లాటు వేశారు. ఇప్పుడు అదే కొలత విధానంతో ఫారెస్ట్‌జియో అనే కూటమిలో ప్రపంచమంతటా డెబ్బైకి పైగా ప్లాట్లు ఉన్నాయి, ముదుమలై కూడా వాటిలో ఒకటి. ఎక్కడ చూసినా పని నడిచే తీరు ఒకటే. విద్యార్థులు, ప్రాజెక్ట్ అసిస్టెంట్లు, ఆ చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చే చెట్ల ఆనవాలు తెలిసిన మనుషులు, వీళ్లందరూ ఒకరి తర్వాత ఒకరు టేపు అందుకుంటారు. అమెరికాలోని హబ్బర్డ్ బ్రూక్ అడవిలో 1963 నుంచి వాననీటిని పట్టి పరీక్షిస్తున్నారు. ఆమ్ల వర్షం సంగతి ఉత్తర అమెరికాకు తెలిసింది అక్కడి నుంచే. వాననీటి ఆమ్లత్వం నిజంగా తగ్గుతోందని గణాంకాలతో నిలబెట్టి చెప్పడానికి వాళ్లకు దాదాపు 18 ఏళ్ల లెక్కలు కావలసి వచ్చాయి. ఆ 18 ఏళ్లూ వారం వారం సీసాలు తెచ్చినవాళ్లలో ఎంతోమంది తమ చదువు ముగించుకుని వెళ్లిపోయినవాళ్లే.

మీ ఆరు నెలల్లో జరిగేది ఏమిటో చెబుతాను. ఉదయం ఆరున్నరకు ఇరవై మీటర్ల చదరంలోకి నలుగురు దిగుతారు. ఒకరు టేపు, ఒకరు పుస్తకం, ఒకరు రంగు డబ్బా, నాలుగో మనిషి ముందు నడుస్తూ చెట్టు పేరు, నంబరు బిగ్గరగా చెబుతారు. నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తున పాత రంగు గీత ఉంటుంది. టేపు సరిగ్గా ఆ గీత మీదే పడాలి. తీగ అల్లుకుని ఉంటే టేపును తీగ కిందుగా పోనివ్వాలి. వాలు నేల అయితే ఎగువ వైపు నుంచి ఎత్తు చూడాలి. పోయినసారి ఒక చెన్నంగి చెట్టు దగ్గర ఒక అబ్బాయి ఆగిపోయాడు. పాత అంకె 21.4, అతనికి వచ్చింది 21.0. "మేడమ్, చెట్టు తగ్గిపోయింది" అన్నాడు, తప్పు తనదేనేమోనన్న భయం గొంతులో తెలిసింది. మళ్లీ కొలిపించాను. మళ్లీ 21.0. చెన్నంగి బెరడు పొలుసులుగా ఊడుతుంది, ఎండిన ఏట కాండం కూడా కాస్త బిగుసుకుంటుంది. ఆ 21.0 ని అలాగే రాసి, పక్కన కోడు వేయించాను. పాత అంకెకు దగ్గరగా సర్ది రాయడం ఈ పనిలో అన్నింటికంటే పెద్ద తప్పు. ఆ అబ్బాయి డిజర్టేషన్ చివరికి ఈ 'తగ్గిన' చెట్ల మీదే నడిచింది. ఏ జాతుల్లో తగ్గుదల నిజం, ఏ జాతుల్లో అది కొలతలో వచ్చిన తేడా అన్నది అతని ప్రశ్న. ఐదు నెలల్లో రాసి ఇచ్చాడు.

కాబట్టి ఆ తండ్రికి నేను చెప్పింది ఇదే: మీ అమ్మాయి డిసెంబరులో మాతో కొలుస్తుంది, జనవరిలో పాత గణనల ఫైళ్లు తెరుస్తుంది, మార్చిలో ఇస్తుంది. మా అధ్యయనం ఆ తర్వాత కూడా నడుస్తుంది. అది నడిపే బాధ్యత మాది, మీ అమ్మాయిది కాదు.

ఒక్క షరతు ఉంది. మీ ప్రశ్న గణన మొదలయ్యేలోపే మీ గైడుకూ ప్లాటు బాధ్యులకూ చేరాలి. పాత లెక్కలు ఎంతవరకు ఇస్తారు, వాటితో వ్యాసం రాస్తే ఎవరి పేర్లు ఉంటాయి అన్నది ముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. దానికి ఎవరూ చిన్నబుచ్చుకోరు. చివర్లో అడిగినవాళ్లే ఇబ్బంది పడ్డారు.

అపోహ: అడవికి వెళ్లకపోతే ఈ రంగంలోకి దారి లేదు.

ఉంది. అమెరికాలో నియాన్ అనే జాతీయ పరిశీలన వ్యవస్థ ఉంది. 81 కేంద్రాలు, వాటిలో 47 నేల మీద, 34 వాగులు, నదులు, చెరువుల దగ్గర. 30 ఏళ్ల పాటు ఒకే పద్ధతిలో కొలవాలన్నది వాళ్ల సంకల్పం. నేల తేమ, దోమలు, నేల మీద తిరిగే పెంకుపురుగులు, చెట్ల మందం, విమానం నుంచి తీసిన అడవి చిత్రాలు, అన్నీ ఉచితంగా అందరికీ తెరిచి ఉంచారు. ఆ లెక్కలను ఆర్ అనే కంప్యూటర్ భాషలో ఎలా దించుకోవాలి, ఎలా శుభ్రం చేయాలి అన్న పాఠాలు కూడా ఉచితమే. కర్నూలులో కూర్చుని నేర్చుకోవచ్చు. మంచి ల్యాప్‌టాప్ లేదని బాధపడే పిల్లలకు నా మాట: చిన్న ఫైలుతో మొదలుపెట్టండి, ఒక కేంద్రం, ఒక ఏడాది, ఒక కొలత. కాలేజీ ల్యాబులో రోజుకు గంట దొరికితే చాలు.

ఇక్కడే ఇంకో సంగతి. అమెరికాలో చదువుతున్న మన పిల్లలు అక్కడి వేసవి పరిశోధన శిక్షణలకు రాశి రాశిగా దరఖాస్తులు పెట్టి, జవాబు రాక కుంగిపోతున్నారు. అక్కడి నేషనల్ సైన్స్ ఫౌండేషన్ డబ్బుతో నడిచే 'ఆర్ఈయూ' వేసవి శిక్షణలు ఆ దేశ పౌరులకు, శాశ్వత నివాసులకు మాత్రమే. విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లకు ఆ స్టైపెండు ఇవ్వరు. అది మీ ప్రతిభ మీద తీర్పు కాదు, నియమం. మీ ప్రొఫెసరు సొంత ప్రాజెక్టులో ఫీల్డు పని అడగండి. మీ వీసాకు ఏది కుదురుతుందో విశ్వవిద్యాలయంలోని విదేశీ విద్యార్థుల కార్యాలయం చెబుతుంది, వాట్సాప్ గ్రూపు చెప్పదు.

అపోహ: శిక్షణ అంటే సర్టిఫికెట్.

రెండు రోజుల ఆన్‌లైన్ క్లాసుల సర్టిఫికెట్లు పద్నాలుగు జతచేసి పంపుతారు. నేను వాటిని చూడను. ఖాళీగా వదిలిన గడికీ సున్నాకూ తేడా తెలుసా అని అడుగుతాను. వెతికాం, లేదు అంటే సున్నా. వెతకలేదు అంటే ఖాళీ. ఈ తేడా చేతికి పట్టడమే శిక్షణ.

నాకు అది కష్టంగా పట్టింది. నా మొదటి గణనలో ఒక చదరం చివర సాయంత్రమైపోయింది. ఒక చిరుమాను చెట్టు నంబరు ట్యాగు కనపడలేదు. గడి ఖాళీగా వదిలేశాను, మర్నాడు వచ్చి చూద్దామనుకుని మరిచిపోయాను. నాలుగేళ్ల తర్వాత అక్కడ చెట్టు లేదు. అది నేను వెళ్లిన రోజున బతికి ఉందా, అప్పటికే పడిపోయిందా, ఎవరూ చెప్పలేరు. ఆ చెట్టు చచ్చిన ఏడాది మా లెక్కల్లో ఇప్పటికీ లేదు. ఇలాంటి ఖాళీ పెద్ద అధ్యయనాల్లోనూ ఉంది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ కొలతలు హవాయిలోని మౌనా లోవా అగ్నిపర్వతం మీద 1958లో మొదలయ్యాయి. 1964 ఆరంభంలో నిధుల కోత వల్ల కొన్ని నెలలు ఆగిపోయాయి. ఇవాళ ఎంత డబ్బు పోసినా ఆ నెలల గాలిని వెనక్కి తెచ్చి కొలవలేం.

అపోహ: డబ్బు కడితే ఇంటర్న్‌షిప్ సీటు ఖాయం.

ఇది విన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది. "అంతర్జాతీయ పర్యావరణ పరిశీలన ఇంటర్న్‌షిప్, పరిమిత సీట్లు, ఈ రాత్రికే రిజిస్ట్రేషన్" అన్న సందేశం ఏటా తిరుగుతుంది. పోయిన ఏడాది ఒక అమ్మాయి తల్లి చీటీ డబ్బు తీసి కట్టింది. ఆ నంబరు మర్నాటి నుంచి పలకలేదు. కోర్సుకు ఫీజు ఉండవచ్చు, శిబిరంలో భోజనం, వసతి ఖర్చు అడగవచ్చు, అవి ప్రకటనలో తేటగా రాసి ఉంటాయి. పనిలోకి తీసుకోవడానికి, సీటు 'ఆపి ఉంచడానికి' డబ్బు అడిగితే అది మోసం. అంతే. ప్రకటన ఆ సంస్థ సొంత వెబ్‌సైటులో కనిపించకపోతే అది లేనట్టే లెక్క. భారతీయ విజ్ఞాన సంస్థలోని పర్యావరణ విజ్ఞాన కేంద్రం, బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్, డెహ్రాడూన్ వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్, మైసూరు నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్, వీటి పేజీలు నెలకోసారి మీరే తెరిచి చూడండి. మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి ఫెలోషిప్ కూడా ఉంది. రెండు నెలలు, ఎదురు స్టైపెండు ఇస్తారు.

అపోహ: ఆడపిల్లలకు కుదరదు.

నేను ఆడపిల్లనే, పదిహేనేళ్లుగా కుదిరింది. తల్లిదండ్రుల భయాన్ని మాత్రం నేను తీసిపారేయను. రాత్రి ఎక్కడ పడుకుంటారు, వేరే గది ఉందా, ఫోను అందుతుందా, జట్టులో ఇంకా ఆడవాళ్లు ఎవరు, దగ్గర్లో ఆసుపత్రి ఎంత దూరం, ఈ ఐదూ నేరుగా అడగండి. జవాబు నసిగితే పంపకండి.

అపోహ: ఈ ఏడాది మామిడి ముందే పూసింది, వాతావరణం మారిపోయిందనడానికి ఇదే రుజువు.

ఒక్క ఏడాది ఒక్క తోట ఏమీ రుజువు చేయదు. రుజువు కావాలంటే అదే చెట్టును ఏళ్ల తరబడి చూడాలి. చెట్ల రుతువులను జనం చేతే నమోదు చేయించే సీజన్‌వాచ్ అనే కార్యక్రమం 2010 నుంచి చేయిస్తున్నది అదే. మామిడి, పనస, చింత, రేల వంటి చెట్లలో ఒకదాన్ని ఎంచుకుని వారానికోసారి ఆకు, పూత, కాయ ఎంతెంత ఉన్నాయో నమోదు చేయడం. ఖర్చు లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మాకు దరఖాస్తు పెట్టేవాళ్లకు చివరిగా ఒక మాట. ఒకే పేజీ పంపండి. "చిన్నప్పటి నుంచి ప్రకృతి అంటే ప్రాణం" అని అందరూ రాస్తారు. దాని బదులు మీ ఇంటి దగ్గరో కాలేజీ దారిలోనో ఉన్న ఒక చెట్టు పేరు రాసి, ఈ వారం నుంచి గడువు వరకు దాని మీద వారం వారం రాసుకున్న వరుసలు పెట్టండి. చూడలేకపోయిన వారం ఉంటే దాన్ని ఖాళీగానే ఉంచి, ఎందుకు చూడలేదో పక్కన రాయండి. ఫోను చేసిన ఆ తండ్రి కూతురు తన హాస్టల్ ముందున్న రేల చెట్టుతో నిన్ననే మొదలుపెట్టిందట. మొదటి వరుస నాకు పంపింది: ఆకు నిండుగా, పూత సున్నా, కాయలు కొన్ని.