ఓడ మన పంటు కాదు: క్రూజ్ రేవు నుంచి రోమ్, పారిస్ వెళ్ళేవాళ్ళ అపోహలు - వాస్తవాలు

"మా ఓడ రోమ్‌లో ఆగుతుందండి. టిఫిన్ చేసి దిగి, వాటికన్ చూసుకుని భోజనం టైముకి వచ్చేస్తాం. నడిచి వెళ్ళిపోవచ్చు కదా?"

ఈ ఫోన్ మొన్న మలికిపురం నుంచి వచ్చింది. అంతకుముందు వారం ఇదే ప్రశ్న భీమవరం నుంచి. అమలాపురంలో టికెట్ల ఆఫీసు పెట్టి పద్దెనిమిదేళ్ళయింది. మొదట్లో అన్నీ గల్ఫ్ టికెట్లే, తర్వాత అమెరికా, ఇప్పుడు ఏప్రిల్ వచ్చిందంటే క్రూజ్ ప్రశ్నలు. పిల్లలు అక్కడెక్కడో కూర్చుని అమ్మానాన్నలకి మధ్యధరా సముద్రం క్రూజ్ బుక్ చేస్తారు. కాగితాలు వాట్సాప్‌లో ఇక్కడికొస్తాయి. అందులో "రోమ్" అని పెద్దక్షరాలతో ఉంటుంది. దాని పక్కన బ్రాకెట్లో చిన్నగా "చివిటవెక్కియా" అని ఉంటుంది. అసలు సంగతంతా ఆ బ్రాకెట్లోనే ఉంది. దాన్ని ఎవరూ చదవరు.

అపోహ: రోమ్ రేవు రోమ్‌లోనే ఉంటుంది

ఉండదు. రోమ్ టైబర్ నది ఒడ్డున, లోపల ఉన్న ఊరు. మూడు నాలుగు వేల మందిని మోసే ఓడ అక్కడికి రాలేదు. ఓడ ఆగేది చివిటవెక్కియాలో. దాదాపు పంతొమ్మిది వందల ఏళ్ళ కిందట ట్రాజన్ చక్రవర్తి కట్టించిన రేవు అది. అక్కడి నుంచి రోమ్ డెబ్భై, ఎనభై కిలోమీటర్లు. కాకినాడ రేవులో దిగి రాజమండ్రి చూసి రావడం లాంటిదనుకోండి.

పారిస్ సంగతి ఇంకా దూరం. ఓడ ఆగేది ల హావ్ర్ రేవులో, పారిస్‌కి సుమారు 200 కిలోమీటర్లు. విశాఖలో ఓడ దిగి, రాజమండ్రి పుష్కర ఘాట్ చూసి, సాయంత్రానికి మళ్ళీ విశాఖ చేరాలంటే మీరు వెళ్తారా? పారిస్ అనేసరికి మాత్రం వెళ్ళిపోదాం అనిపిస్తుంది. బెర్లిన్ అని రాసినచోట ఓడ నిజానికి వార్నెముండెలో ఆగుతుంది, రైల్లో ఒకవైపుకే దాదాపు మూడు గంటలు. ఫ్లోరెన్స్‌కి లివోర్నో నుంచి 90 కిలోమీటర్లు, లండన్‌కి సౌతాంప్టన్ నుంచి 130. ఇది కంపెనీల మోసం అని కొందరు ప్రచారం చేస్తుంటారు. అది మోసమేమీ కాదు. జనానికి తెలిసిన ఊరి పేరు పెద్దగా వేస్తారు, రేవు పేరు పక్కన వేస్తారు. మనం రెండూ చదవాలి.

అపోహ: కాస్త ఆలస్యమైతే ఓడ ఆగుతుందిలే

మిగతావన్నీ మర్చిపోయినా ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి. మనవాళ్ళకి ఈ ఒక్క నమ్మకం వల్ల పోయినంత డబ్బు ఇంకే పొరపాటు వల్లా పోలేదు.

ఈ నమ్మకం ఎక్కడి నుంచి వస్తుందో నాకు తెలుసు. నా చిన్నప్పుడు కోటిపల్లి రేవులో మా నాన్న నన్ను భుజం మీద ఎక్కించుకుని ఇసుకలో పరిగెడుతూ "ఓయ్, ఆగండాగండి" అని కేకేస్తే, అప్పటికే ఒడ్డు విడిచిన పంటు, అంటే ఏరు దాటించే పెద్ద పడవ, వెనక్కి వచ్చేది. సరంగు విసుక్కునేవాడు గానీ వదిలేసి వెళ్ళేవాడు కాదు. అవతల ముక్తేశ్వరంలో పెళ్ళో చావో ఉందని అతనికీ తెలుసు. గోదావరి మధ్యలో పుట్టినవాళ్ళకి పడవంటే అది. కానీ క్రూజ్ ఓడకి రేవులో దారి చూపే పైలట్ ఎక్కే టైము, ఓడని లాగే చిన్న పడవలు (టగ్గులు) వచ్చే టైము, రేవు ఖాళీ చేసే టైము ముందే రాసి ఉంటాయి. తర్వాతి రేవులో చోటు కూడా గంటతో సహా మాట్లాడుకుని ఉంటారు. ఇద్దరి కోసం ఆగితే మిగతా వేల మంది ప్రయాణం చెడుతుంది.

పాలకొల్లు దగ్గర రిటైరైన టీచరు దంపతులు ఉన్నారు. అమ్మగారు చాలా భక్తిపరురాలు, వాటికన్‌లోని సెయింట్ పీటర్స్ చర్చి చూడాలని జీవితమంతా అనుకున్న మనిషి. 2025 కాథలిక్కుల జూబిలీ ఏడాది కాబట్టి, మామూలుగా పాతికేళ్ళకోసారి తెరిచే ఆ చర్చి పవిత్ర ద్వారం గుండా నడవాలని కొడుకుతో క్రూజ్ బుక్ చేయించుకున్నారు. ఓడ పొద్దున ఏడింటికి వచ్చింది. కాగితం మీద సాయంత్రం ఏడింటికి బయలుదేరుతుందని ఉంది. వాళ్ళు ఆ ఏడునే పట్టుకున్నారు. ఆల్ అబోర్డ్, అంటే అందరూ ఓడెక్కేసి ఉండాల్సిన టైము, ఆరున్నరకని కార్డు మీద వేరేగా ఉంది, దాన్ని చూడలేదు. చర్చి ముందు చౌక్‌లో సెక్యూరిటీ క్యూ ఎండలో కదల్లేదు. ఇంత దూరం వచ్చి లోపలికి వెళ్ళకుండా ఎలా అని నిలబడ్డారు. నాలుగున్నరకి ఎక్కాల్సిన రైలు ఐదుంపావుకి ఎక్కారు. అది దారిలో ఇరవై నిమిషాలు ఆగిపోయింది.

ఇక్కడ రాత్రి పది గంటల ఇరవై నిమిషాలకి నా ఫోన్ మోగింది. మాస్టారు. "ఓడ ఇంకా ఇక్కడే ఉంది బాబూ. కనిపిస్తోంది. మెట్లు తీసేశారు. కొంచెం మీరు మాట్లాడి చెప్పరా?"

నేను ఎవరితో మాట్లాడను? మాట్లాడినా ఎవరు వింటారు? ఓడ వాళ్ళ కళ్ళముందే కదిలిపోయింది.

తర్వాత జరిగింది కూడా చెప్పాలి, ఎందుకంటే దీని మీద పుకార్లు ఎక్కువ. జైల్లో పెడతారు, పాస్‌పోర్టు పోతుంది, వెనక్కి ఇండియా పంపేస్తారు అంటుంటారు. అవన్నీ ఒట్టి మాటలు. మనుషులు రాలేదని తెలిస్తే చాలా ఓడల్లో సిబ్బంది కేబిన్ లాకర్లోని పాస్‌పోర్టులు తీసి రేవులో కంపెనీ ఏజెంటుకి ఇచ్చి వెళ్తారు. వీళ్ళకీ అలాగే ఇచ్చారు. ఏజెంటు నంబరు ఓడలో ప్రతిరోజూ ఇచ్చే కార్యక్రమాల కాగితం మీద ఉంటుంది. పొద్దున దిగేముందు దాన్ని ఫోటో తీసుకోండి, సగం టెన్షన్ అక్కడే తగ్గుతుంది. కానీ అక్కడి నుంచి తర్వాతి రేవు వరకు ఖర్చంతా మనదే. మర్నాడు ఓడ సముద్రంలోనే ఉంది, ఆ తర్వాతి రేవు బార్సిలోనా. రాత్రికి హోటల్, అప్పటికప్పుడు ఇద్దరికి విమానం టికెట్లు. క్రూజ్‌కి పెట్టినదాంట్లో సగం దాకా అయిందని కొడుకు చెప్పాడు.

డబ్బు కంటే మందుల దగ్గర ఇబ్బంది పడ్డారు. మాస్టారి షుగర్ మాత్రలు, బీపీ మాత్రలు వారం రోజుల గళ్ళున్న ప్లాస్టిక్ డబ్బాలో, కేబిన్ బాత్రూమ్ అద్దం ముందు ఉండిపోయాయి. అమ్మగారికి ఆ డబ్బా రంగు గుర్తుంది, మాత్ర పేరు గుర్తులేదు. మన బ్రాండు పేరు చెప్పినా అక్కడ తెలీదు. వాళ్ళ డాక్టరుగారి కాంపౌండరుని నిద్రలేపి, చీటీ ఫోటో తెప్పించి, అసలు మందు పేరు, మెట్‌ఫార్మిన్ అని, ఇంగ్లీషులో రాసి పంపాను. పొద్దున్నే పచ్చ ప్లస్ గుర్తు వెలిగే మందుల షాపుకి వెళ్ళారు. అందుకే ఇప్పుడు మా దగ్గరికొచ్చే ప్రతి పెద్దమనిషికీ చెబుతున్నా: ఒక్క పూట దిగినా రెండు రోజుల మాత్రలు చేతిసంచిలో ఉండాలి, అసలు మందు పేరు కాగితం మీద ఉండాలి.

లెక్క ఎలా వేసుకోవాలో చెబుతాను, చివిటవెక్కియానే తీసుకుందాం. ఓడ ఏడింటికి రేవుకొస్తే మీరు కాలు కింద పెట్టేది ఎనిమిదికి, ఎందుకంటే ఓడ టూర్లవాళ్ళని ముందు దింపుతారు. రేవు లోపల నడవనివ్వరు, ఉచిత బస్సులో లార్గో డెల్లా పాచె అనే బస్సుల స్టాపు దాకా వెళ్ళాలి. అక్కడి నుంచి స్టేషన్‌కి మళ్ళీ బస్సు, లేదా నడక. తొమ్మిదికి రైలు దొరికితే అదృష్టం. వాటికన్‌కి వెళ్ళేవాళ్ళు రోమ్ పెద్ద స్టేషన్ రోమా టెర్మిని దాకా పోనక్కర్లేదు, అంతకుముందే శాన్ పియెత్రో స్టేషన్‌లో దిగితే పది పదిహేను నిమిషాల నడక. అంటే మీరు ఊళ్ళో ఉండేసరికి పది. తిరిగి నాలుగు దాటకుండా రైల్లో కూర్చోవాలి. అప్పుడు ఆ రైలు ఆలస్యమైనా, రద్దయినా ఇంకో రైలుకి వ్యవధి ఉంటుంది. స్టేషన్‌కి తిరిగి నడిచే టైము తీసేస్తే చేతిలో ఉన్నది ఐదున్నర గంటలు. అందులో వాటికన్ గానీ, కొలోసియం గానీ ఒక్కటి ప్రశాంతంగా చూడండి. రెండూ చూడాలనుకున్నవాళ్ళే పరిగెడతారు.

లెక్క ఎప్పుడూ ఆల్ అబోర్డ్ టైము నుంచి వెనక్కి వెయ్యాలి, ఓడ కదిలే టైము నుంచి కాదు. ఇంకో సంగతి, ఫోన్‌లో టైముని నమ్మకండి. ఇటలీకి, గ్రీసుకి గంట తేడా ఉంది. ఓడ గడియారం ఎప్పుడు మారుస్తారో కెప్టెన్ ఇష్టం. ఫోన్ ఒడ్డు సిగ్నల్ పట్టి తనంతట తనే మారిపోతుంది. చేతికి మామూలు గడియారం పెట్టుకుని, దిగేముందు ఓడ గడియారంతో కలుపుకోండి.

అపోహ: ఓడవాళ్ళ టూర్ ఒట్టి దోపిడీ

రైలు కంటే చాలా ఎక్కువ అన్నది నిజమే. కానీ ఆ డబ్బుకి మీరు కొనేది బస్సు సీటు ఒక్కటే కాదు. ఓడవాళ్ళ బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. ఆగలేని పరిస్థితి వస్తే తర్వాతి రేవుకి వాళ్ళ ఖర్చుతో చేరుస్తారు. రాజోలు నుంచి వెళ్ళిన ఒక కుటుంబం పారిస్ నుంచి వస్తూ రోడ్డు మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుని నలభై నిమిషాలు ఆలస్యంగా చేరారు. ఓడ ఉంది. మెట్లు ఉన్నాయి. వాళ్ళు నాకు ఫోన్ కూడా చెయ్యలేదు, ఇంటికొచ్చాక మాటల్లో చెప్పారు.

నా మాట సూటిగా చెబుతాను. ఒంట్లో ఓపిక ఉండి, రైలు ఎక్కడం దిగడం తెలిసినవాళ్ళు రోమ్, ఫ్లోరెన్స్ సొంతంగా వెళ్ళొచ్చు. పారిస్, బెర్లిన్ మాత్రం ఓడ టూర్‌లోనే వెళ్ళండి, లేదంటే వెళ్ళకండి. గైడ్ అక్కర్లేదనుకుంటే ఊళ్ళో దింపి మళ్ళీ ఎక్కించుకునే బస్సు మాత్రమే చాలా ఓడల్లో వేరేగా అమ్ముతారు, కాస్త చవక. పారిస్ మీద పట్టుదల లేనివాళ్ళకి ల హావ్ర్ అవతల ఒడ్డునే ఉన్న ఓంఫ్లూర్ అనే చిన్న రేవు ఊరు చూడమంటాను. మన నర్సాపురంలా ఏటి మొగ దగ్గరే ఉంటుంది.

భయపడేవాళ్ళని నేను ఎప్పుడూ తిట్టను. భాష రాని దేశంలో ఓడ వెళ్ళిపోతుందేమోనన్న బెంగతో ఏదీ చూడలేకపోవడం కంటే, బస్సులో కూర్చుని ధైర్యంగా చూడటం మేలు. అరవై దాటినవాళ్ళ పిల్లలకి నేను ఇదే చెబుతాను: టూర్ డబ్బు మిగల్చకండి.

అపోహ: ఓడలో వెళ్ళేవాళ్ళకి దిగడానికి వీసా అక్కర్లేదు

కావాలి. మన పాస్‌పోర్టుకి షెంగెన్ వీసా, అంటే యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే వీసా, ఉండాలి, దారిలో టర్కీ లాంటి దేశం తగిలి మళ్ళీ గ్రీసుకి వస్తుంటే మల్టిపుల్ ఎంట్రీ ఉండాలి. సౌతాంప్టన్‌లో ఎక్కి ల హావ్ర్‌లో దిగేవాళ్ళకి బ్రిటన్ వీసా, షెంగెన్ వీసా రెండూ. క్రొయేషియా 2023 జనవరి నుంచి షెంగెన్‌లోకి వచ్చింది, పాత సలహాలు పట్టుకుని కంగారు పడకండి. కాగితాలు సరిగా లేకపోతే మొదటి రేవులోనే ఎక్కనివ్వరు.

అపోహ: ఇన్సూరెన్స్ ఉందిగా

పాలసీ చదవండి. క్యూలో నిలబడి ఓడ తప్పిపోతే చాలా పాలసీలు ఇవ్వవు.

అపోహ: ఇటలీలో రైళ్ళు ఎప్పుడు సమ్మె చేస్తాయో చెప్పలేం

అక్కడ సమ్మె ముందే ప్రకటిస్తారు. పని దినాల్లో సమ్మె రోజున కూడా పొద్దున ఆరు నుంచి తొమ్మిది, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది వరకు లోకల్ రైళ్ళు తప్పనిసరిగా నడపాలి. ఆ సాయంత్రం ఆరు మనకి పనికిరాదని మీకీపాటికి అర్థమయ్యే ఉంటుంది. ఆ రోజు పడితే ఓడ బస్సే. కాగితం టికెట్ కొన్నవాళ్ళు ఎక్కేముందు ప్లాట్‌ఫారం దగ్గర మిషన్‌లో ముద్ర వేయించుకోవాలి. టికెట్ చేతిలో ఉన్నా ముద్ర లేకపోతే జరిమానా.

అపోహ: వాటికన్ అంతా ఒకటే టికెట్

సెయింట్ పీటర్స్ చర్చిలోకి ప్రవేశం ఉచితం. సిస్టీన్ చాపెల్ మాత్రం వాటికన్ మ్యూజియం లోపల ఉంది, దానికి వేరే టికెట్, వేరే గేటు. మ్యూజియం ఆదివారాలు మూసేస్తారు, నెలలో చివరి ఆదివారం తప్ప. మీ ఓడ ఆదివారం వస్తుందేమో ముందే చూసుకోండి. భుజాలు, మోకాళ్ళు కప్పుకోవాలి. చీర కట్టుకున్న అమ్మలకి ఇబ్బంది లేదు, నిక్కర్లేసుకున్న మనవళ్ళనే ఆపుతారు.

సింగపూర్ క్రూజ్‌వాళ్ళు కూడా అడుగుతున్నారు కాబట్టి ఒక మాట. కౌలాలంపూర్ అని రాసి ఉన్నా ఓడ ఆగేది పోర్ట్ క్లాంగ్‌లో. ఆ పేరుతో రైల్వే స్టేషన్ ఉంది కదా, రైల్లో పోదాం అనుకుంటారు. ఓడ ఆగే టెర్మినల్ పులావ్ ఇందా అనే దీవిలో, ఆ స్టేషన్‌కి చాలా దూరం. కారు మాట్లాడుకోవాల్సిందే. బటు కేవ్స్‌లో 272 మెట్లెక్కి మురుగన్ దర్శనం చేసుకోవాలంటే అది ఊరికి అవతలివైపు ఉంది. ముందు అక్కడికి వెళ్ళి, వెనక్కి వస్తూ జంట టవర్లు చూసుకోండి. శుక్రవారం సాయంత్రమైతే ట్రాఫిక్ కోసం ఇంకో గంట ముందే బయలుదేరండి.