“మా ఊళ్లో పులి తిరుగుతోంది”: అపోహలు, వాస్తవాలు

అటవీశాఖ బృందాలతో కలిసి అడుగులు చూడటం, కెమెరాలు పెట్టడం, వచ్చిన జంతువు ఏదో తేల్చడం నా పని. ఎండాకాలంలో గుట్టల మీద నీళ్లు ఎండిపోయినప్పుడు, చెరుకు, మొక్కజొన్న కోతలప్పుడు “ఊళ్లో పులి తిరుగుతోంది” అని ఫోన్లు ఎక్కువగా వస్తాయి. చాలాసార్లు అది చిరుత కాదు, కొన్నిసార్లు నిజంగా చిరుతే, ఆదిలాబాద్ వైపు అయితే పెద్దపులి కూడా. కానీ మేం వెళ్లేసరికి ఊరంతా ఆ చోటు తొక్కేసి ఉంటుంది, వాట్సాప్‌లో మాత్రం ఏ ఊరిదో తెలియని వీడియో తిరుగుతుంటుంది. మా దాకా వచ్చే మాటల్లో ఎక్కువగా వినేవి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: అడుగు పెద్దగా ఉంది కాబట్టి పులే

తడి మట్టిలో ఏ అడుగైనా పెద్దదవుతుంది. బురదలో కుక్క అడుగు ఒక పూట ఎండకు అంచులు విరిగి విచ్చుకుందంటే చూసినవాళ్లకు గుండె జారడం సహజం. అందుకే సైజు కంటే ముందు ఆకారం చూడాలి. పిల్లి జాతి జంతువులు నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటాయి, కాబట్టి వేళ్ల ముందు గోటి గుర్తు పడదు (జారే చోట, దూకిన చోట పడొచ్చు, అందుకే ఒక్క అడుగు చూసి తేల్చం, వరసగా నాలుగైదు చూస్తాం). కుక్కకు, నక్కకు, హైనాకు గోళ్లు పడతాయి. తర్వాత పాదం వెనక ఉండే మెత్త చూడండి. చిరుతకు ఆ మెత్త వెనక అంచు మూడు గుండ్రటి ముక్కలుగా కనిపిస్తుంది, పాదమంతా గుండ్రంగా ఉంటుంది, నాలుగు వేళ్లలో ఒకటి కాస్త ముందుకు ఉంటుంది. కుక్క అడుగు పొడవుగా, రెండు పక్కలా ఒకేలా ఉంటుంది. ఈ గుర్తులన్నీ సరిపోయాకే సైజు. పెద్ద చిరుత అడుగు వెడల్పు సుమారు 7 నుంచి 9 సెంటీమీటర్లు, పెద్దపులిది 12 పైమాటే, జంగుపిల్లిది (పొలాల్లో తిరిగే చిన్న అడవిపిల్లి) అగ్గిపెట్టె పొడవు కూడా దాటదు.

దుమ్ములగొండి, అంటే హైనా సంగతి వేరేగా చెప్పాలి. ఒంటి మీద చారలుంటాయి, రాత్రి టార్చి వెలుగులో ఆ చారలు చూసి పెద్దపులి అనుకున్నవాళ్లు చాలామంది. దాని ముందు పాదాలు వెనక పాదాల కంటే స్పష్టంగా పెద్దవి, వీపు వెనక్కి వాలుగా ఉంటుంది. ఈ రెండూ గుర్తుంటే పొరపాటు పడరు.

మీ పొలంలో అనుమానపు అడుగు కనిపిస్తే, పక్కన అగ్గిపెట్టె గానీ పెన్ను గానీ పెట్టి నిటారుగా పైనుంచి ఫోటో తీయండి, ఆ అడుగు మీద ఒక తట్ట బోర్లించి చుట్టూ నాలుగు రాళ్లు పెట్టండి. మేం వచ్చేదాకా అది చెడకుండా ఉంటే సగం పని అయిపోయినట్టే.

అపోహ: వీడియో ఉంది కదా, ఇంకేం కావాలి

చేనుగట్టు మీద దూరంగా నడిచే జంతువు పక్కన పోల్చుకోవడానికి చెట్టో మనిషో లేకపోతే దాని సైజు కంటికి అందదు, ఫోన్లో జూమ్ చేస్తే అసలే అందదు. ఇంగ్లండ్‌లోని బోడ్మిన్ మూర్‌లో నల్లటి పెద్ద పిల్లి ఒకటి గొర్రెల్ని చంపుతోందని ఏళ్ల తరబడి చెప్పుకున్నారు. 1995లో అక్కడి ప్రభుత్వం విచారణ చేయించింది. అధికారులు ఆ ఫోటోలు, వీడియోలు తీసిన చోటికే వెళ్లి, జంతువు నిలబడిన జాగాలో కొలత కర్ర నిలబెట్టి చూస్తే కొన్నింట్లో అది మామూలు పిల్లి ఎత్తే తేలింది. అక్కడ పెద్ద పిల్లి ఉందనడానికి రుజువు దొరకలేదు, లేదని తేల్చి చెప్పడమూ కుదరదని రాశారు. మా పద్ధతీ అదే. వీడియో తీసిన మనిషిని అక్కడే నిలబెట్టి, జంతువు ఉన్న చోట మాలో ఒకరు కర్ర పట్టుకుని నిలబడి, అదే ఫోన్‌తో మళ్లీ తీయిస్తాం. మన పొలాల్లో ఇలా తేలేది ఎక్కువగా జంగుపిల్లి. అది పొడుగు కాళ్లది, పసుపు గోధుమ రంగుది, పెద్ద చెవులు, పొట్టి తోక. చిరుతకు తోక పొడుగు, ఒంటి పొడవులో సగానికి పైనే ఉంటుంది. కోరింగ మడ అడవుల వైపు అయితే బావురుపిల్లి, అంటే చేపలు పట్టి తినే అడవిపిల్లి. దానికి మచ్చలు కూడా ఉంటాయి, కాబట్టి చిరుత పిల్ల అని భయపడతారు.

ఇప్పుడు ఏఐతో చేసిన ఫోటోలు కూడా వస్తున్నాయి. పంపినవాళ్లను “ఏ సర్వే నంబర్, ఎన్ని గంటలకు, ఎవరు తీశారు” అని అడగండి. జవాబు రాకపోతే ఫార్వర్డ్ చేయకండి. ఒక ఊరు మొత్తం రాత్రి నిద్ర మానేసి, కర్రలు పట్టుకుని తిరగడం చిన్న విషయం కాదు.

అపోహ: అడవి లేని చోటికి చిరుత ఎలా వస్తుంది, ఎవరో తెచ్చి వదిలారు

ఇది నన్ను నిజంగా బాధపెట్టే మాట, ఎందుకంటే దీంతో ఊరికీ అటవీ సిబ్బందికీ మధ్య నమ్మకం పోతుంది. చిరుతకు దట్టమైన అడవి అక్కర్లేదు. దాక్కోవడానికి ఒక రాళ్ల గుట్టో తుమ్మ పొదలో చెరుకు తోటో, తాగడానికి ఒక కుంట, తినడానికి ఊరకుక్కలు, అడవిపందులు ఉంటే చాలు. మహారాష్ట్రలోని అకోలే ప్రాంతంలో, అడవంటూ లేని పంటపొలాల మధ్య, వన్యప్రాణి పరిశోధకురాలు విద్యా ఆత్రేయ బృందం కెమెరాలు పెట్టి చూస్తే వంద చదరపు కిలోమీటర్లకు దాదాపు ఐదు పెద్ద చిరుతలు తేలాయి. అవి తిన్నదాంట్లో అన్నిటికంటే పెద్ద వాటా ఊరకుక్కలదే.

మన దగ్గరే చూడండి. 2020 మేలో లాక్‌డౌన్ వేళ హైదరాబాద్ మైలార్‌దేవ్‌పల్లి దగ్గర రోడ్డు మీద చిరుత పడుకుని కనిపించింది. 2024 ఏప్రిల్ చివర్లో శంషాబాద్ విమానాశ్రయం ప్రహరీ దగ్గర ఇంకొకటి. అదే ఏడాది సెప్టెంబర్‌లో రాజమండ్రి దివాన్‌చెరువు దగ్గర, కడియం నర్సరీల వైపు మరొకటి. ఇవేవీ ఎవరూ తెచ్చి వదిలినవి కావు. ఏడాదిన్నర, రెండేళ్ల వయసులో పిల్ల తల్లిని వదిలి సొంత జాగా వెతుక్కుంటూ బయల్దేరుతుంది. రాత్రిపూట వాగులు, గుట్టలు, కాలువ గట్లు పట్టుకుని నడుస్తుంది. 2022 లెక్కల ప్రకారం దేశంలో చిరుతలు 13,874 అని అంచనా, అందులో ఆంధ్రప్రదేశ్‌లో 569, తెలంగాణలో 297. ఆ లెక్క ప్రధానంగా పులులుండే అడవులది. పొలాల మధ్య బతికేవి చాలావరకు అందులోకి రావు.

అపోహ: పట్టుకుని దూరంగా వదిలేస్తే పీడ పోతుంది

సర్పంచ్ నుంచి ఎమ్మెల్యే దాకా అందరూ మొదట అడిగేది బోను గురించే. వాళ్ల మీద ఉండే ఒత్తిడి నాకు తెలుసు. కానీ పుణె జిల్లా జున్నర్‌లో జరిగింది ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలి. అక్కడ 2001 నుంచి చిరుతల్ని పెద్దఎత్తున పట్టి వేరే అడవుల్లో వదిలారు. అంతకుముందు మనుషుల మీద దాడులు ఏడాదికి సగటున 4 ఉండేవి, ఆ తర్వాత 17కు పెరిగాయి. వదిలిన చోట్ల కూడా కొత్తగా దాడులు మొదలయ్యాయి. ఎందుకంటే చిరుతకు తన జాగా తెలుసు, ఏ ఇంటి దగ్గర కుక్క ఉందో, ఏ దారిన మనుషులు ఎన్నింటికి నడుస్తారో తెలుసు, తప్పించుకుని తిరుగుతుంది. తెలియని చోట వదిలేస్తే కంగారుపడి, వెనక్కి రావాలని చూస్తూ, దారిలో ఎవరికైనా ఎదురుపడుతుంది. ఇక్కడ ఖాళీ అయిన జాగాలోకి ఇంకో చిరుత, తరచూ పడుచు మగది, వచ్చి చేరుతుంది.

పట్టక తప్పని సందర్భాలు ఉన్నాయి, కాదనను. శంషాబాద్‌లో విమానాశ్రయం కాబట్టి ట్రాప్ కెమెరాలు (జంతువు ఎదురుగా వస్తే వాటంతటవే ఫోటో తీసేవి), మేకల్ని ఎరగా పెట్టిన బోన్లతో పట్టి అమ్రాబాద్ అడవిలో వదిలారు. మనుషుల మీద పడుతున్న జంతువును పట్టాల్సిందే. కానీ ఒక కుక్కను ఎత్తుకెళ్లినందుకో సీసీ కెమెరాలో కనిపించినందుకో బోను పెట్టమనడం మాత్రం మన ఊరికే ప్రమాదం.

అపోహ: కెమెరాలో పడలేదు, బోనులోకి రాలేదు, అంటే లేదు

2022లో కాకినాడ జిల్లా ప్రత్తిపాడు వైపు వచ్చిన పెద్దపులి పశువుల్ని చంపుతూ వారాల తరబడి తిరిగింది, కెమెరాలకు చిక్కింది, బోనులోకి మాత్రం రాలేదు, చివరికి తనంతట తానే అనకాపల్లి, విజయనగరం వైపు సాగిపోయింది. కెమెరాను జంతువు నడిచే దారి చూసి పెడతాం, దారికి రెండు పక్కలా ఎదురెదురుగా. చిరుత మచ్చలు కుడిపక్క ఒకలా, ఎడమపక్క ఒకలా ఉంటాయి, రెండు పక్కలూ దొరికితేనే ఇది పాతదో కొత్తదో తెలుస్తుంది. కెమెరా చుట్టూ జనం సెల్ఫీలకు వస్తే ఏ జంతువూ రాదు.

అపోహ: నల్ల చిరుత వేరే జాతి, ఇంకా క్రూరం

అది చిరుతే. పుట్టుకతో నలుపు రంగు ఎక్కువైంది అంతే, ఎండలో చూస్తే నలుపు కిందే మచ్చలు కనిపిస్తాయి. ఎక్కువగా పడమటి కనుమల్లాంటి తడి అడవుల్లో ఉంటుంది.

అపోహ: చిరుత మనుషుల్ని ఏమీ చేయదు

ఇది చదువుకున్నవాళ్లు చెప్పే అపోహ, మొదటివాటి కంటే తక్కువ ప్రమాదమేమీ కాదు. 2023లో తిరుమల అలిపిరి నడకదారిలో జూన్‌లో ఒక చిన్న బాబును చిరుత లాక్కెళ్లింది, ప్రాణాలతో దక్కాడు. ఆగస్టులో ఆరేళ్ల పాప దక్కలేదు. చిరుతకు ఎత్తు తక్కువగా, విడిగా కనిపించేది ఆహారంలా అనిపిస్తుంది. అందుకే చీకటి పడ్డాక పిల్లలు, బహిర్భూమికి కూర్చున్నవాళ్లు, వంగి గడ్డి కోసేవాళ్లు ఎక్కువ ప్రమాదంలో ఉంటారు. ఆ తర్వాత నడకదారిలో చేతికర్రలు ఇస్తే చాలామంది ఎగతాళి చేశారు. నా దృష్టిలో అసలు పనిచేసేది గుంపులుగా నడవడం, పిల్లల్ని మధ్యలో ఉంచుకోవడం, మధ్యాహ్నం తర్వాత పిల్లల్ని ఆపడం. వాటితో పాటు కర్ర ఉంటే నష్టమేం లేదు.

ఊళ్లోనూ అంతే. రాత్రి మోటారు వేయడానికి వెళ్తే ఇద్దరు వెళ్లండి, టార్చి వేయండి, ఫోన్లో పాట పెద్దగా పెట్టండి. పిల్లల్ని ఆరుబయట పడుకోబెట్టకండి. మాంసం వ్యర్థాలు ఊరి చివర పారేస్తే కుక్కలు పోగవుతాయి, కుక్కల వెనకే చిరుత వస్తుంది. ఎదురుపడితే పరుగెత్తొద్దు, చేతులెత్తి గట్టిగా అరుస్తూ మెల్లగా వెనక్కి జరగండి. పగటిపూట చిరుత ఇంట్లోనో కొట్టంలోనో దూరితే తలుపు మూసి జనాన్ని పంపించేయండి. గాయపడేవాళ్లలో చాలామంది చుట్టుముట్టిన గుంపులోనివాళ్లే.

అపోహ: గొర్రెలు చచ్చాయంటే చిరుతే, కళేబరం పూడ్చేసి తర్వాత చెబుదాం

ఊరకుక్కల గుంపు కూడా మందను చీల్చేస్తుంది. కుక్కలైతే తొడలు, పొట్ట, చెవులు ఎక్కడపడితే అక్కడ కొరికి ఉంటాయి. చిరుత అయితే సాధారణంగా గొంతు దగ్గర లోతుగా కోరల గుంతలు, ఈడ్చుకెళ్లిన చార, దూరంగా పొదలో సగం తిన్న ఒళ్లు. మూసిన దొడ్డిలో దూరితే చిరుత కూడా ఒక్క రాత్రిలో చాలావాటిని చంపగలదు, కాబట్టి సంఖ్య చూసి చెప్పలేం, పశువైద్యుడు తోలు తీసి గాయాలు చూడాలి. పరిహారం రావాలన్నా అటవీ సిబ్బంది పంచనామా, పశువైద్యుడి రిపోర్టు కావాలి. కళేబరాన్ని కదిలించకుండా, నీడ వేసి, ఆ రోజే బీట్ ఆఫీసర్‌కు ఫోన్ చేయండి. కోపంతో దాని మీద పురుగుమందు మాత్రం చల్లకండి. 1972 వన్యప్రాణి చట్టంలో చిరుత మొదటి షెడ్యూల్‌లో, అంటే అత్యధిక రక్షణ ఉన్న జాబితాలో ఉంది, జైలు తప్పదు, పైగా ఆ మాంసం తిని ముందు చచ్చేవి మీ కుక్కలు, గద్దలు.