641 చేతికి చిక్కిన సంఖ్య

పది అంకెల సంఖ్య ప్రధాన సంఖ్యో కాదో కంప్యూటర్ లేకుండా తేల్చగలమా అని ఒక పాఠకుడు అడిగారు. తేల్చవచ్చు. ఉదాహరణకి నాకు బాగా ఇష్టమైన 4,29,49,67,297 తీసుకుందాం.

ఇది 2³²+1. రెండుతో మొదలుపెట్టి వర్గం మీద వర్గం చేసుకుంటూ పోయి, ప్రతిసారీ ఒకటి కలిపితే 3, 5, 17, 257, 65,537 వస్తాయి. అన్నీ ప్రధాన సంఖ్యలే. తర్వాతిది మనదే. ఈ వరుసలో ఎంత దూరం పోయినా ప్రధాన సంఖ్యలే వస్తాయని 1640లో గణితజ్ఞుడు ఫెర్మా నమ్మాడు. 1732లో మరో గణితజ్ఞుడు ఆయిలర్ ఆ నమ్మకాన్ని పడగొట్టాడు: 641 దీన్ని నిశ్శేషంగా భాగిస్తుంది.

భాగహారం చేసి చూసుకోవచ్చు గానీ, అందులో మజా లేదు. 641ని రెండు రకాలుగా రాయండి: 5×2⁷+1, 5⁴+2⁴. ఇక 641తో భాగిస్తే మిగిలే శేషాలు మాత్రమే చూద్దాం. పదకొండు గంటలంటే పన్నెండుకి గంట తక్కువ అన్నట్టే, 5×2⁷ అంటే 640, శేషం −1. దాన్ని నాలుగో ఘాతం చేస్తే −1 కాస్తా 1 అవుతుంది, అంటే 5⁴×2²⁸ శేషం 1. రెండో రూపం ప్రకారం 5⁴ స్థానంలో −2⁴ వేసుకోవచ్చు. వేస్తే −2³² శేషం 1. కాబట్టి 2³² శేషం −1. ఒకటి కలపండి, సున్నా! పది అంకెల సంఖ్యని ఎక్కడా ముట్టుకోనేలేదు. బళ్లో మాత్రం శేషాన్ని ఓ పక్కన రాసి వదిలేయమంటాం.

ఇంతకీ 641 ఎలా దొరికింది? ఈ సంఖ్యకి ప్రధాన కారణాంకం ఏదున్నా అది 64 గుణిజానికి ఒకటి ఎక్కువే కావాలని ఆయిలర్ రుజువు చేశాడు. అలాంటి ప్రధాన సంఖ్యలు వరుసగా 193, 257, 449, 577, 641. ఐదోదానికే పని అయిపోయింది! మిగిలిన కారణాంకం 67,00,417 కూడా ప్రధాన సంఖ్యే.

న్యూమరాలజీ వాళ్లకి ఇదేమీ అక్కర్లేదు. అంకెలు కూడితే 59, మళ్లీ కూడితే 14, ఆపైన 5, బుధుడు. కానీ కంప్యూటర్ వాళ్లు వాడే పదహారు ఆధారంలో, అంటే పదుల బదులు పదహార్ల లెక్కన రాస్తే, ఇదే సంఖ్య 100000001. అంకెల మొత్తం 2. బుధుడు పోయి చంద్రుడొచ్చాడు. 641 మాత్రం ఏ పద్ధతిలో రాసినా భాగిస్తూనే ఉంటుంది.

ఇంకో దారి కూడా ఉంది. ఒక ప్రధాన సంఖ్యని రెండు వర్గాల మొత్తంగా రాయగలిగితే, అది ఒకే ఒక్క రకంగా కుదురుతుంది. మనది 65,536²+1², 62,264²+20,449² కూడా. అక్కడే దొరికిపోయింది. సరిసంఖ్యల తేడా 3,272, బేసిసంఖ్యల తేడా 20,448, వీటి గ.సా.భా. 8. అలాగే మొత్తాలు 1,27,800, 20,450, వీటి గ.సా.భా. 50. రెండింటినీ సగం చేసి వర్గాలు కూడితే 4²+25². అంటే 2⁴+5⁴, మన 641.