ఆ కన్నాలు తూటాలవి కావు

జర్మనీలో ట్రియర్ అనే ఊళ్ళో చదువుకుంటున్న మా మేనల్లుడు మొన్న ఒక ఫోటో పంపాడు, మసిబారిన పేద్ద రాతి ద్వారం, ఒళ్ళంతా కన్నాలు. "మావయ్యా, ఇవి యుద్ధంలో తగిలిన తూటాలా?" అని. కాదురా, ఇనుం దొంగలు తొలిచిన కన్నాలు.

దాని పేరు పోర్టా నిగ్రా, అంటే నల్ల ద్వారం. రోమన్ల కాలం నాటిది. ఈ ద్వారం భాగమైన నగర గోడకి సంబంధించిన పాత కొయ్య దొరికితే దాని వలయాలు లెక్కపెట్టారు, ఆ చెట్టుని క్రీ.శ. 169-170 చలికాలంలో నరికారని 2018లో తేలింది.

ఇసుకరాతి దిమ్మలు, కొన్ని 6 టన్నుల దాకా ఉంటాయి, మధ్యలో సున్నం లేదు, గార లేదు. "ప్రాచీనుల రహస్య జిగురు" అంటూ వాట్సాప్‌లో తిప్పేవాళ్ళు కాస్త ఆగండి, రహస్యమేమీ లేదు, పక్కపక్క రాళ్ళకి గుంతలు కొట్టి రెంటినీ కలిపి పట్టే ఇనప కట్టు దించి దాని చుట్టూ కరిగించిన సీసం పోశారు అంతే.

సీసం ఎందుకంటారా? ఇక్కడే నాకు పిచ్చి. మీ ఇంట్లో పాత బాత్రూమ్ స్లాబు చూడండి, పెచ్చులు ఊడి లోపల తుప్పు చువ్వలు కనిపిస్తుంటాయి కదా, సిమెంటు చెడిందని మేస్త్రీని తిడతాం గానీ దాన్ని లోపల్నించి పగలగొట్టింది తుప్పే. ఇనుము తుప్పైతే 2 నుంచి 6 రెట్లు చోటు అడుగుతుంది, రాయి ఎక్కడిస్తుంది, పగుల్తుంది. బడిలో మేకుల ప్రయోగం గుర్తుందా, మరిగించిన నీళ్ళ మీద నూనె పోసిన గొట్టంలో మేకు తుప్పు పట్టదు, దాన్ని మనం 2 మార్కుల బొమ్మగా బట్టీపట్టి వదిలేశాం. ఇక్కడ ఆ నూనె పని సీసం చేస్తుంది, గాలీ తడీ ఇనుము దాకా రానివ్వదు. పైగా 327 డిగ్రీలకే కరిగి సందుల్లోకి పారుతుంది, మెత్తన కాబట్టి రాయి కాస్త కదిలినా తను నలుగుతుంది గానీ రాయిని నలగనివ్వదు.

సీసం మానేస్తే ఏమవుతుందో ఏథెన్స్‌లో తెలిసింది. అక్కడి పార్థెనాన్ గుడిని ప్రాచీన గ్రీకులు కూడా సీసం పోసే కట్టారు. 1898 నుంచి నికోలాస్ బలానోస్ అనే ఇంజనీరు పార్థెనాన్‌ని బాగుచేస్తూ ఉత్త ఇనప కట్లు వేశాడు, కొన్ని దశాబ్దాలకే అవి ఉబ్బి పాలరాయి చీలింది! పాతవి రెండు వేల ఏళ్ళకి పైగా ఆగాయి. ఇప్పుడు ఆయన వేసినవి పీకేసి టైటానియంవి పెడుతున్నారు.

మధ్యయుగాల్లో లోహం ఖరీదు, అందుకే ట్రియర్‌లో రాయి తొలిచి ఇనుమూ సీసమూ రెండూ లాక్కున్నారు. మరి పడిపోలేదే అంటే, రాళ్ళ బరువే వాటిని పట్టుకుంది, కట్లు ప్రధానంగా పక్కకి జరక్కుండా ఆపడానికి. ఊరికున్న మిగతా రోమన్ ద్వారాలు రాళ్ళ కోసం మాయమయ్యాయి, ఇది మాత్రం సిమియోన్ అనే సన్యాసి 11వ శతాబ్దంలో ఇందులోనే తన చుట్టూ గోడ కట్టించుకుని లోపలే ఉండిపోవటం, 1035లో ఆయన పోయాక చర్చిగా మారటం వల్ల బతికింది. ఆ చర్చిని తీసెయ్యమని 1804లో నెపోలియన్ ఆర్డరేశాడు.

ఈసారి వెళ్తే ఊరి బయటివైపు ముఖం చూడమన్నాను వాణ్ణి. పొడుచుకొచ్చిన రాళ్ళు సాపు చెయ్యకుండానే పని ఆపేశారు, అవి అలా ఉంటే తలుపులు బిగించడమే కుదరదు.