ఎన్‌ఆర్‌ఎల్ సీజన్: టీవీలో 15 నిమిషాలు, మీవాడికి 21 రోజులు (అపోహలు – వాస్తవాలు)

మార్చిలో ఎన్‌ఆర్‌ఎల్ (ఆస్ట్రేలియా రగ్బీ లీగ్ పోటీ) సీజన్ మొదలైందంటే పశ్చిమ సిడ్నీ గ్రౌండ్లలో శనివారం పొద్దున ఇదే మాట. "నిన్న రాత్రి మ్యాచ్‌లో అంత పెద్ద ప్లేయర్ తలకి దెబ్బ తగిలి లోపలికెళ్లాడు, పావుగంటలో తిరిగొచ్చి ఆడేశాడు. మావాడికేమీ కాలేదండీ, చూడండి, బాగానే నడుస్తున్నాడు. సెకండాఫ్‌లో దింపండి." అడిగేది ఎప్పుడూ నాన్నే అనుకోకండి, ఒక్కోసారి కోచే అడుగుతాడు. వెంట్‌వర్త్‌విల్, వెస్ట్‌మీడ్, పరమట్టా వైపు ఈ ప్రశ్న తెలుగులోనే వినబడుతుంది.

అందుకే ఈ ఒక్క అపోహ మీదే ఎక్కువ రాస్తాను. బై (మ్యాచ్ లేని వారం), లాడర్ (పాయింట్ల పట్టిక), ఆరిజిన్ (రెండు స్టేట్‌ల మధ్య మ్యాచ్‌లు) గురించి తప్పుగా అనుకుంటే పోయేది మహా అయితే ఆఫీసు టిప్పింగ్ పోటీలో (ఎవరు గెలుస్తారో ముందే చెప్పే ఆట) నాలుగు పాయింట్లు.

అపోహ: పావుగంట కూర్చోబెట్టి, బాగుంటే ఆడించొచ్చు. ప్రొఫెషనల్స్ చేసేదీ అదే

హెచ్‌ఐఏ (తల దెబ్బ పరీక్ష) కోసం ప్లేయర్‌ని లోపలికి తీసుకెళ్లేది కూర్చోబెట్టడానికి కాదు. ఆ 15 నిమిషాలూ పరీక్ష. పైగా ఆ పరీక్షలో సగం మ్యాచ్‌కి నెలల ముందే అయిపోయి ఉంటుంది.

క్లబ్‌లో ప్రీ-సీజన్ నవంబర్‌లో మొదలవుతుంది. పరుగులు, జిమ్ముతో పాటు ప్రతి ప్లేయర్‌కీ బేస్‌లైన్ తీస్తారు. పది మాటలు చదివి వినిపించి తిరిగి చెప్పమంటారు, కాసేపాగి అవే మాటలు మళ్లీ అడుగుతారు. అంకెలు వెనక నుంచి చెప్పాలి, నెలల పేర్లు డిసెంబర్ నుంచి జనవరికి రావాలి, కళ్లు మూసుకుని ఒంటికాలి మీద నిలబడాలి. కంప్యూటర్ మీద రియాక్షన్ టైమ్ పరీక్ష వేరే ఉంటుంది. దెబ్బ తగలని రోజున ఆ మనిషి ఎంత చేయగలడో కాగితం మీద ఉంటుంది కాబట్టే, మ్యాచ్ మధ్యలో డాక్టర్ పక్కన పెట్టి పోల్చగలుగుతాడు.

మ్యాచ్ రోజున బంకర్‌లో (వీడియో రీప్లేలు చూసే గది) స్వతంత్ర డాక్టర్లు కూర్చుని ప్రతి దెబ్బనీ నాలుగైదు కోణాల్లో వెనక్కి తిప్పి చూస్తుంటారు. స్పృహ తప్పడం, పడేటప్పుడు చేతులు అడ్డుపెట్టుకోకుండా కట్టెలా పడిపోవడం, ఒళ్లు బిగుసుకుపోవడం, తూలడం, ఎక్కడున్నాడో తెలియకపోవడం లాంటివి కనబడితే అది కేటగిరీ 1. ఇక పరీక్షే లేదు, ఆ రోజుకి ఆట అయిపోయినట్టే. మీరు టీవీలో చూసిన పావుగంట అనుమానం మాత్రమే ఉన్నవాళ్లకి. తిరిగి రానివాళ్ల మీద కెమెరా పెద్దగా నిలవదు, మనకి గుర్తుండేది తిరిగొచ్చినవాళ్లే.

ఇప్పుడు అండర్-12 మ్యాచ్ గ్రౌండ్ చూడండి. ఒక ట్రైనర్, ఒక ఫస్ట్ ఎయిడ్ బ్యాగు, ఐసు, టేపు. డాక్టర్ లేడు, రీప్లే లేదు, బేస్‌లైన్ అసలే లేదు. దేనితో పోల్చి "బాగున్నాడు" అంటాం? అందుకే కమ్యూనిటీ స్థాయిలో హెచ్‌ఐఏ అన్నదే లేదు. కంకషన్ (దెబ్బకి మెదడు ఊగి దాని పనితీరు మారడం) అనుమానం వచ్చిందా, ఆ రోజు మళ్లీ దిగడు. ట్రైనర్ హెడ్ ఇంజరీ రికగ్నిషన్ అండ్ రిఫరల్ ఫారమ్ నింపి మీ చేతికిస్తాడు, మీరు దాన్ని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. మీవాడు టీమ్‌లో ఎంత మంచి హాఫ్‌బ్యాక్ అయినా, అవతల ఫైనలే నడుస్తున్నా రూలు మారదు. ట్రైనర్‌తో వాదించి లాభం లేదు, వాదనకి దిగిన ట్రైనర్ తన పని తాను చేయనట్టే.

లెక్క వేసి చూద్దాం

పెద్దవాళ్ల సంగతి ముందు. 2023 నుంచి ఎన్‌ఆర్‌ఎల్‌లో కంకషన్ తేలిన ప్లేయర్ కనీసం 11 రోజులు ఆడకూడదు. స్వతంత్ర నిపుణుడు చూసి మినహాయింపు ఇచ్చే వీలుంది, అది అందరికీ దొరికేది కాదు. క్లబ్‌కి మ్యాచ్‌కీ మ్యాచ్‌కీ మధ్య తేడా ఒక్కోసారి ఐదు రోజులే ఉంటుంది, ఒక్కోసారి తొమ్మిది, పది. శుక్రవారం రాత్రి దెబ్బ తగిలితే వచ్చే వారం మ్యాచ్ పోయినట్టే. దగ్గర దగ్గరగా మ్యాచ్‌లు పడిన చోట రెండు పోతాయి.

పిల్లలకీ కమ్యూనిటీ ప్లేయర్లకీ ఇంకా ఎక్కువ. ఆస్ట్రేలియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రెండు షరతులున్నాయి. రెండూ తీరాలి, ఒకటి తీరితే చాలదు.

ఒకటి: లక్షణాలు పూర్తిగా పోయాక 14 రోజులు గడిస్తేనే ఒంటికి ఒళ్లు తగిలే ట్రైనింగ్.
రెండు: దెబ్బ తగిలిన రోజు నుంచి కనీసం 21 రోజులు గడిస్తేనే మ్యాచ్.

శనివారం దెబ్బ తగిలింది, తలనొప్పి మూడో రోజుకి పోయింది అనుకోండి. ట్యాకిల్ (అవతలివాణ్ణి పట్టి ఆపే) ట్రైనింగ్ 17వ రోజు నుంచి, మ్యాచ్ 21వ రోజున. మధ్యలో రెండు శనివారాలు పోతాయి. అదే తలనొప్పి పదో రోజు దాకా ఉంటే ట్యాకిల్ ట్రైనింగే 24వ రోజుకి జరుగుతుంది, మ్యాచ్ ఆ తర్వాతే. ఇక్కడే చాలామంది తప్పు లెక్క వేస్తారు. 14 రోజులు దెబ్బ తగిలిన రోజు నుంచి కాదు, లక్షణాలు పోయిన రోజు నుంచి. రోజులు నిండినా డాక్టర్ చూసి సరేననాల్సిందే.

"నొప్పేమీ లేదు" అని పిల్లాడు చెప్పే మాట మీద ఈ లెక్కంతా నిలబడుతుంది, చిక్కంతా అక్కడే. సెలెక్షన్ ట్రయల్స్ దగ్గరపడితే పిల్లలు దాస్తారు. అబద్ధమాడాడని తిట్టకండి, టీమ్‌లో చోటు పోతుందన్న భయం అది. ఎన్నాళ్లయినా చోటు అలాగే ఉంటుందని ముందే కోచ్ నోటితో చెప్పిస్తే దాచే అవసరం సగం తగ్గుతుంది.

అపోహ: స్పృహ తప్పలేదు కాబట్టి కంకషన్ కాదు

స్పృహ తప్పకుండా వచ్చే కంకషన్లే ఎక్కువ. తలకే తగలాలని కూడా లేదు. వేగంగా వస్తుంటే ఛాతీ మీద గట్టి ట్యాకిల్ పడి తల ఒక్కసారిగా వెనక్కి ఊగినా చాలు.

సైడ్‌లైన్ మీద అడిగే ప్రశ్నలు ఐదు. ఇప్పుడు ఏ గ్రౌండ్‌లో ఉన్నాం? ఇది ఏ హాఫ్? చివరగా స్కోర్ చేసిందెవరు? పోయిన మ్యాచ్ ఎవరితో ఆడాం? అందులో గెలిచామా? "నీ పేరేంటి, ఈరోజు ఏం వారం" అని అడిగి ఊరుకోకండి, కంకషన్ ఉన్నవాడూ వాటికి టకటకా జవాబు చెప్పేస్తాడు. పోయేది ఇప్పుడిప్పుడే జరిగినవాటి జ్ఞాపకం. ఒక్కటి తప్పు చెప్పినా బయటికే. ఐదూ సరిగ్గా చెప్పినవాడైనా సరే, మొహంలో తేడా కనిపిస్తే, అడిగిందే అడుగుతుంటే, తప్పు టీమ్ వైపు వెళ్లి నిలబడితే బయటికే. ఈ ప్రశ్నలు బయటికి పంపడానికే, లోపలికి పంపడానికి పనికిరావు. లక్షణాలు కొన్ని గంటల తర్వాత, ఒక్కోసారి మర్నాడు పొద్దున బయటపడతాయి.

అపోహ: స్కాన్ క్లియర్ కాబట్టి ఏమీ లేదు

సీటీ స్కాన్‌లో కనబడేది రక్తస్రావం, ఎముక విరగడం. కంకషన్ మెదడు పనితీరులో వచ్చే మార్పు, స్కాన్‌లో కనపడదు. స్కాన్ క్లియర్ అంటే అవి కనబడలేదని, అంతే. 21 రోజుల లెక్క అలాగే నడుస్తుంది.

స్కాన్ దాకా ఆగకుండా వెంటనే 000కి ఫోన్ చేయాల్సినవి వేరే ఉన్నాయి: మెడనొప్పి, మళ్లీ మళ్లీ వాంతులు, పెరుగుతూ పోయే తలనొప్పి, ఫిట్స్, చేతులూ కాళ్లలో తిమ్మిరి లేదా బలం తగ్గడం, ఒకటి రెండుగా కనబడటం, మత్తు ఎక్కువవడం, విపరీతమైన చిరాకు. గ్రౌండ్‌లో పడి మెడనొప్పి అంటే లేపి కూర్చోబెట్టకండి, నీళ్లు తాగించకండి, హెడ్‌గేర్ లాగకండి. తల కదలకుండా పట్టుకుని అంబులెన్స్ వచ్చేదాకా ఉండాలి. ఆట ఆగిపోయిందని ఎవరేమన్నా పట్టించుకోవద్దు.

అపోహ: నిద్రపోనివ్వకూడదు

ఊర్నుంచి అమ్మమ్మ వీడియో కాల్‌లో చెప్పే మొదటి మాట ఇదే. పైన చెప్పిన ప్రమాద లక్షణాలు లేకుండా, డాక్టర్ చూసి ఇంటికి పంపితే పడుకోనివ్వండి. మెదడు కోలుకోవడానికి నిద్ర కావాలి. కాకపోతే మొదటి రాత్రి ఒంటరిగా వదలొద్దు, ఇంట్లో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. అమృతాంజనం రాసి, వేడిపాలు తాగించి, పొద్దున్నే ట్రైనింగ్‌కి పంపడం మాత్రం వద్దు. అమృతాంజనం వల్ల నష్టమేమీ లేదు, నష్టమంతా ఆ ట్రైనింగ్‌తోనే. నొప్పి మాత్రలు డాక్టర్‌నడిగే వేయండి.

దీనికి సరిగ్గా వ్యతిరేకమైన అపోహ ఇంకోటుంది: చీకటి గదిలో వారం రోజులు పడుకోబెట్టాలని. అదీ తప్పే. మొదటి 24 నుంచి 48 గంటలు విశ్రాంతి, ఫోన్, గేమ్స్ బాగా తగ్గించాలి. ఆ తర్వాత మెల్లగా నడక, ఇంట్లో చిన్న పనులు, లక్షణాలు పెరగనంత మేరకే. అక్కణ్ణుంచి మెట్లు ఇవి: తేలికపాటి సైకిలో జాగింగో, ఒంటరిగా బంతితో డ్రిల్స్, టీమ్‌తో నాన్-కాంటాక్ట్, డాక్టర్ అనుమతితో ట్యాకిల్ ట్రైనింగ్, చివరికి మ్యాచ్. మెట్టుకీ మెట్టుకీ మధ్య కనీసం ఒక రోజు. ఏ మెట్టు దగ్గరైనా తలనొప్పి తిరగబెడితే ఒక మెట్టు కిందికి దిగాలి. స్కూలు ఆటకంటే ముందు: పూర్తి రోజు క్లాసులో ఇబ్బంది లేకుండా కూర్చోగలిగాకే ట్యాకిల్ సంగతి.

భయపడే తల్లులకి ఒక మాట. వాట్సాప్‌లో తిరిగే సీటీఈ (దీర్ఘకాలిక మెదడు జబ్బు) వీడియోలు చూసి ఒక్క కంకషన్‌తో పిల్లాడి భవిష్యత్తు పోయిందని ఏడవకండి. సీటీఈని ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ తగిలే దెబ్బలతో ముడిపెడతారు, బతికున్న మనిషిలో దాన్ని ఖాయంగా నిర్ధారించే పరీక్ష ఇంకా లేదు. సరిగ్గా మాననిస్తే ఎక్కువమంది పిల్లలు నాలుగు వారాల్లోపు కోలుకుంటారు. మానకముందే రెండో దెబ్బ తగిలితేనే ముప్పు: లక్షణాలు నెలల తరబడి సాగొచ్చు, చాలా అరుదుగా మెదడు వాచి ప్రాణం మీదికీ రావచ్చు.

అపోహ: ఖరీదైన హెడ్‌గేర్ కొంటే కంకషన్ రాదు

చెవులు నలగవు, నెత్తి చిట్లదు. లోపల మెదడు ఊగడాన్ని ఏ ఫోమ్ మెత్తా ఆపదు. హెడ్‌గేర్ పెట్టుకున్న ధైర్యంతో తల ముందుకు పెట్టి ట్యాకిల్‌కి వెళ్లే పిల్లలకి ముప్పు ఇంకా ఎక్కువ. ఆ డబ్బులు డెంటిస్ట్ దగ్గర కొలత తీసి చేయించే మౌత్‌గార్డ్‌కి పెట్టండి, పళ్లైనా మిగులుతాయి. కంకషన్ తగ్గాలంటే ట్యాకిల్ నేర్పాలి: తల అవతలివాడి పక్కకి లేదా వెనక్కి ఉండాలి, ముందుకి అడ్డంగా రాకూడదు. కబడ్డీలో తొడ పట్టినట్టు భుజం ఆనించి, చేతులు బిగించాలి.

ఇక మిగతా అపోహలు గబగబా: ముందు అపోహ, వెంటనే వాస్తవం.

రగ్బీ అంతా ఒకటే. కాదు. లీగ్‌లో 13 మంది, ఆరు ట్యాకిల్స్, లైనౌట్ (బంతి బయటికెళ్తే రెండు వరసలుగా నిలబడి అందుకోవడం) లేదు. యూనియన్‌లో 15 మంది. 1895లో హడర్స్‌ఫీల్డ్‌లో విడిపోయారు. పనికి సెలవు పెట్టి ఆడే కార్మికులకి ఆ రోజు కూలి ఇవ్వాలా వద్దా అన్నదే అప్పటి గొడవ.

లాడర్‌లో మొదటి స్థానమంటే చాంపియన్. అది మైనర్ ప్రీమియర్‌షిప్. మొదటి ఎనిమిది టీమ్‌లూ సెప్టెంబర్‌లో ఫైనల్స్ ఆడాలి. 2025లో కాన్‌బెర్రా లాడర్ పైన నిలిచి, మొదటి ఫైనల్ బ్రిస్బేన్ చేతిలో గోల్డెన్ పాయింట్‌లో (సమమయ్యాక ముందు పాయింట్ కొట్టినవాళ్లే గెలిచే పద్ధతి) 29–28తో, రెండోది క్రోనల్లా చేతిలో ఓడి ఇంటికెళ్లింది. కప్పు బ్రిస్బేన్‌కి.

మేలో అడుగున ఉంటే సీజన్ పోయినట్టే. అదే 2025లో పెన్రిత్ 12 రౌండ్ల తర్వాత అట్టడుగున ఉంది. నాలుగు సార్లు వరసగా గెలిచిన టీమ్, పని అయిపోయిందన్నారు. ఏడో స్థానానికొచ్చి, గ్రాండ్ ఫైనల్‌కి ఒక్క మ్యాచ్ దూరంలో ఆగింది. ఆరిజిన్ నడిచే మే, జూన్, జులై నెలల్లో మంచి ప్లేయర్లు స్టేట్ టీమ్‌లకి వెళ్లిపోతారు. ఆ వారాల ఫలితాలు చూసి సెప్టెంబర్ జోస్యం చెప్పకండి.

సాలరీ క్యాప్ (ప్లేయర్ల జీతాలకి పెట్టిన పరిమితి) కాగితం మీదే. 2010లో మెల్‌బోర్న్ స్టార్మ్‌ని అడగండి. 2007, 2009 టైటిళ్లు వెనక్కి లాక్కుని, ఆ ఏడాదంతా సున్నా పాయింట్లకి ఆడించారు.

బై అంటే రెండు పాయింట్ల అదృష్టం. 17 టీమ్‌లు, 27 రౌండ్లు, ఒక్కొక్కరికి 24 మ్యాచ్‌లు, మూడు బైలు. చివరికి అందరికీ ఆ ఆరు పాయింట్లు వస్తాయి. మధ్యలో లాడర్ చూసేటప్పుడు మాత్రం బైలు తీసేసి గెలుపులు లెక్కపెట్టండి. రెండు బైలు వాడేసి 16 పాయింట్ల మీదున్న టీమ్ గెలిచింది ఆరు. బై ముట్టకుండా 14 మీదున్న టీమ్ గెలిచింది ఏడు. డ్రాలు లేకపోతే, గెలుపుల లెక్కలో కింద కనబడే టీమే ముందుంది. టిప్పింగ్‌కి ముందు ఇదీ చూసుకోండి.